వాక్కును వినిన యంత్రము: ఆచార్య రాజ్ రెడ్డిగారి కృషి, తెలుగు పరిశోధకుల కర్తవ్యము

1. ఉపోద్ఘాతము

భాషను గూర్చిన విచారము భాషాపండితుల సొత్తని మనము భావించుచుందుము. కాని గడచిన అరువదేండ్లుగా మనుష్యవాక్కును గూర్చిన విచారము కంప్యూటరు శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో కూడ విరివిగా సాగుచున్నది. ఆ మార్గమున తొలి అడుగులు వేసినవారిలో అగ్రగణ్యులొకరు తెలుగువారు. వారు ఆచార్య దబ్బల రాజగోపాల రెడ్డిగారు. లోకము వారిని రాజ్ రెడ్డి యను పేర ఎరుగును. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారమును 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకొనినవారు. ఆసియా ఖండమున పుట్టి ఆ గౌరవమును పొందినవారిలో వారే మొదటివారు.

వారి గౌరవములను ఎన్నుట ఈ వ్యాసమునకు ప్రధానోద్దేశము కాదు. వారి జీవితమును, బోధనను సంగ్రహముగా చెప్పి రెండు విషయములను విచారింపదలచితిని. వినుట యనగా నేమి యని వారి పరిశోధనవలన తేలినదేమి? ఆ ఫలితము తెలుగును అధ్యయనము చేయు మనకు చూపు కర్తవ్యమేమి? గణితభాగమును విడిచి, భాషకు సంబంధించినంతవరకే ప్రస్తావింతును.

2. జననము, విద్యాభ్యాసము

రెడ్డిగారు 1937 జూన్ 13వ తేదీన నాటి మద్రాసు రాజధానిలోని చిత్తూరు జిల్లాలో, కాటూరు గ్రామమున జన్మించిరి. తండ్రి వ్యవసాయదారు. ఆ కుటుంబమున కళాశాల మెట్లెక్కినవారిలో రెడ్డిగారే మొదటివారు. 1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి సివిల్ ఇంజనీరింగులో పట్టము పొందిరి. పిమ్మట ఆస్ట్రేలియాకు వెళ్ళి, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1960లో ఎం. టెక్. పూర్తి చేసిరి. ఆ విశ్వవిద్యాలయమున 1956నుండి డ్యూస్ అను కంప్యూటరు ఉండెను. కట్టడముల శాస్త్రము చదువవచ్చిన యువకునకు కంప్యూటరుతో పరిచయమైనది అచటనే. తరువాత కొంతకాలము ఆస్ట్రేలియాలోని ఐ. బి. ఎం. సంస్థలో పనిచేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరిరి.

అచట వారి గురువు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ యను శాస్త్రమునకు ఆంగ్లమున పేరుపెట్టినవాడాయన. రెడ్డిగారు సిద్ధాంతవ్యాసమునకు ఎన్నుకొనిన విషయము మనుష్యుని మాట. నోటినుండి వెలువడిన ధ్వనితరంగమును కంప్యూటరు నేరుగా విశ్లేషించి గుర్తింపగలదా యనునది అందలి ప్రశ్న. 1966లో ఆ వ్యాసమునకు డాక్టరేటు లభించెను. వెంటనే స్టాన్‌ఫర్డ్‌లోనే అధ్యాపకులై, 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు మారిరి. 1973లో ఆచార్యులైరి. వారి పరిశోధనాజీవితమంతయు ఆ విద్యాపీఠముతోనే పెనవేసికొనిపోయినది.

3. 1969 నాటి ఆక్షేపణ

రెడ్డిగారు కార్నెగీ మెలన్ చేరిన 1969వ సంవత్సరముననే, బెల్ ప్రయోగశాలలకు చెందిన జాన్ పియర్స్ అమెరికా ధ్వనిశాస్త్ర సంఘపు పత్రికలో ఒక లేఖ ప్రకటించెను. యంత్రముచేత మాటను గుర్తింపజేయు ప్రయత్నములను ఆయన తీవ్రముగా ఆక్షేపించెను. ఆయన వాదమిది: మనము మాటను వినునది చెవితో మాత్రమే కాదు. ఆ భాష తెలిసినందున, చెప్పబడు విషయము తెలిసినందున, వినబడనిదానిని కూడ పూరించుకొందుము. అట్టి భాషాజ్ఞానము, బుద్ధి లేని యంత్రము ధ్వనులను మాత్రమే చూచి మాటను గుర్తింపజాలదు.

ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. ఎవరైనను తనకు రాని భాషను విని వ్రాయబూనినచో దాని సత్యము బోధపడును. ఒక మాట ఎక్కడ ముగిసి మరొక మాట ఎక్కడ మొదలైనదో తెలియదు. పలుకుబడిలో మాటల నడుమ విరామముండదు. వ్రాతలోని ఎడములు వ్రాతకే చెందినవి. పియర్స్ దీనిని ప్రయత్నము మానుటకు కారణముగా చూపెను. రెడ్డిగారు దీనినే ప్రయత్నమునకు మార్గముగా గైకొనిరి. భాషాజ్ఞానము లేక వినుట అసాధ్యమైనచో ఆ జ్ఞానమునే యంత్రమునకు అందింపవలెను.

4. హియర్‌సే: ఆకాంక్ష, యోగ్యత

రెడ్డిగారును వారి సహచరులును 1973లో ప్రకటించిన హియర్‌సే అను వ్యవస్థ ఈ పద్ధతికి తొలి ఫలము. చదరంగపు ఎత్తును నోటితో చెప్పగా ఆ వ్యవస్థ గ్రహించి ఆడవలెను. ఈ చిన్న రంగమును ఎన్నుకొనుటలో గొప్ప యుక్తి కలదు. పలికిన ధ్వని రెండువిధముల వినవచ్చినప్పుడు, ఆ ఘట్టమున చదరంగపు నియమములు అంగీకరించు ఎత్తు ఏదో యంత్రము చూచును. అసంభవమైన ఎత్తును త్రోసివైచి, సంభవమైనదానిని గ్రహించును. ధ్వనిజ్ఞానము ఒక్కటే ఉన్నప్పుడు ఎంత సరిగా వినునో, వాక్యనిర్మాణజ్ఞానము చేర్చినప్పుడు ఎంతయో, అర్థజ్ఞానము కూడ చేర్చినప్పుడు ఎంతయో వారు వేరువేరుగా కొలిచిరి. ఒక్కొక్క జ్ఞానము తోడైన కొలది గుర్తింపు మెరుగయ్యెను.

మన శాస్త్రకారులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడింటిని హేతువులుగా చెప్పిరి. నిప్పుతో తడుపుట యను మాటలలో ఆకాంక్ష కలదు, సన్నిధి కలదు, యోగ్యత లేదు. చదరంగమున చెల్లని ఎత్తును త్రోసివేయుట యోగ్యతావిచారమే. హియర్‌సే నిర్మాతలు మన శాస్త్రములను చూచి ఈ పని చేసిరని నేను చెప్పుటలేదు. ప్రభావము వేరు, పోలిక వేరు. అర్థగ్రహణమునకు శబ్దశ్రవణము ఒక్కటే చాలదని మనవారు తర్కముచేత నిర్ణయించిరి. వీరు దానిని ప్రయోగముచేత కొలిచి చూపిరి. ఈ కొలత యనునది భాషావిచారమునకు క్రొత్తగా చేరిన గుణము.

తరువాతి హియర్‌సే-2 వ్యవస్థలో ఈ భావము మరింత స్పష్టమైన రూపము దాల్చెను. అందు ధ్వని, అక్షరము, పదము, పదబంధము మొదలగువానిని ఎరిగిన భాగములు వేరువేరుగ నుండును. వానికి ఉమ్మడిగా ఒక నల్లబల్ల కలదు. ప్రతి భాగము తన ఊహను ఆ బల్లపై ఉంచును. ఇతర భాగములు ఆ ఊహను బలపరచును, లేదా ఖండించును. పలువురు పండితులు ఒక తాళపత్రపు శిథిలభాగమును ఎదుట పెట్టుకొని, ఒకరు లిపిని, ఒకరు ఛందస్సును, ఒకరు అర్థమును చూచి పాఠనిర్ణయము చేయుటవంటిదే ఇది. ఈ నల్లబల్ల పద్ధతి కృత్రిమ మేధలోని అనేక ఇతర శాఖలకును వ్యాపించెను.

5. డ్రాగన్, హార్పీ

1971లో అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థ అయిదేండ్ల ప్రణాళిక నొకదానిని ఆరంభించి, పరిశోధకులకు ఒక లక్ష్యమును నిర్ణయించెను. విరామము లేక సహజముగా పలికిన వాక్యములను, వేయి పదముల పరిధిలో, నూటికి పదికంటె తక్కువ తప్పులతో యంత్రము గ్రహింపవలెను. 1976లో ఆ లక్ష్యమును సాధించినది హార్పీ అను వ్యవస్థ. దాని పదసంఖ్య 1011. దానిని నిర్మించిన బ్రూస్ లొవెరీ కార్నెగీ మెలన్‌లో పరిశోధక విద్యార్థి.

ఇందొక విశేషము కలదు. హార్పీ నల్లబల్ల పద్ధతిని అనుసరింపలేదు. అదే విశ్వవిద్యాలయమున జేమ్స్ బేకర్ 1975లో సమర్పించిన సిద్ధాంతవ్యాసమున డ్రాగన్ అను వ్యవస్థను వర్ణించెను. అది సంభావ్యతా గణితముపై, మార్కోవ్ నమూనాలు అనువానిపై ఆధారపడినది. ధ్వనికి, పదమునకు, వాక్యమునకు వేరువేరు పండితులు అక్కరలేదు. పలుకదగిన వాక్యములన్నియు ఒకే దారులవలలో ఇమిడియుండును. వినిన ధ్వనికి ఏ దారి మిక్కిలి సంభావ్యమో లెక్కించిన చాలును. హార్పీ ఆ వలను గ్రహించి, అన్ని దారులను వెదకక, ఆశాజనకమైన కొన్నింటినే వెంబడించెను. కావుననే త్వరగా ఫలితమిచ్చెను. ఆచార్యుని పేరుతో ముడిపడిన పద్ధతి ఒకటి. ఆయన నీడలోనే విద్యార్థులు పెంచిన పద్ధతి మరొకటి. గెలుపు రెండవదానికి దక్కెను.

6. గురుత్వము

రెడ్డిగారి బోధకజీవితమున నాకు మిక్కిలి ఆదరణీయముగ తోచు ఘట్టము దీనికి కొనసాగింపే. 1980 తరువాతి దశకమున కై-ఫూ లీ అను విద్యార్థి వారియొద్ద చేరెను. నిపుణుల జ్ఞానమును నియమములుగా యంత్రమునకు అందించు మార్గమున గురువుగారికి నమ్మకముండెను. శిష్యుడు కొంతకాలము పనిచేసి, ఆ మార్గము విడిచి సంభావ్యతా మార్గమును పట్టుదునని విన్నవించెను. తాము ఆ అభిప్రాయముతో ఏకీభవింపకున్నను అతని ప్రయత్నమునకు తోడ్పడెదమని గురువుగారు బదులిచ్చిరట. ఈ విషయమును లీ తరువాత తానే చెప్పియున్నాడు. మాట నిలుపుకొనిరి కూడ. పరిశోధనకు వలయు కంప్యూటర్లు, ధ్వనిసామగ్రి సమకూరెను.

ఫలితము 1988లో వెలువడిన స్ఫింక్స్. అంతకు ముందటి వ్యవస్థలు ఒక వ్యక్తి గొంతునకో, కొందరి గొంతులకో అలవాటుపడవలసియుండెను. లేదా మాటమాటకు ఆగి పలుకవలసియుండెను. స్ఫింక్స్ 105 మంది పలికిన 4,200 వాక్యములవలన నేర్చి, మునుపు వినని వ్యక్తి ధారాళముగా పలికిన వాక్యమును సైతము 997 పదముల పరిధిలో గ్రహించెను. జేమ్స్ బేకర్, ఆయన భార్య జానెట్ బేకర్ 1982లోనే డ్రాగన్ సిస్టమ్స్ అను సంస్థను స్థాపించి ఈ విద్యను జనసామాన్యమునకు చేర్చు ప్రయత్నము ఆరంభించిరి.

శిష్యునివలన పరాజయమును కోరవలెనని మనవారు చెప్పుదురు. చెప్పుట సులభము. పరిశోధనాలయమున, ధనము, పేరు, సిద్ధాంతము మూడును పణముగ నున్నచోట దానిని ఆచరించుట కష్టము. మన భాషాశాఖలలో పర్యవేక్షకుని మతమును కాదనిన సిద్ధాంతవ్యాసములెన్ని యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

7. ఇతర సేవలు

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ స్థాపింపబడినప్పుడు రెడ్డిగారు దానికి తొలి సంచాలకులై, 1991 వరకు నడిపిరి. 1991నుండి 1999 వరకు అచటి కంప్యూటరు శాస్త్ర విభాగమునకు డీనుగా నుండిరి. ఆ కాలముననే, 1996లో, భాషాసాంకేతిక విద్యకు ప్రత్యేకమైన సంస్థ అచట ఏర్పడెను. 1984లో ఫ్రాన్సు ప్రభుత్వము లీజియన్ ఆఫ్ ఆనర్ పతకముతోను, 2001లో భారత ప్రభుత్వము పద్మభూషణముతోను వారిని గౌరవించెను.

మన దేశమునకు సంబంధించి రెండు కార్యములు ముఖ్యములు. మొదటిది పది లక్షల గ్రంథముల ప్రణాళిక. అమెరికా, భారత, చైనా, ఈజిప్టు దేశముల సంస్థలు ఇందు పాల్గొనెను. 2007 నాటికి పదునైదు లక్షల గ్రంథములకు పైగా ఛాయారూపమున చేరెను. మన దేశపు శాఖయైన భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలది తెలుగు గ్రంథములు చేరినవి. గ్రంథనామములను రోమను లిపిలో ఎవరికి తోచినట్లు వారు వ్రాయుటవలన ఉన్న గ్రంథమే దొరకని ఇబ్బంది కలిగెను. అయినను ముద్రణలో లేని పాతపుస్తకముల కొరకు ఊరూరు తిరిగిన తరమునకు దాని విలువ తెలియును. రెండవది 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో నెలకొని, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనిన ఆ విద్యాలయమునకు రెడ్డిగారు తొలి కులపతులు. కాటూరునుండి బయలుదేరిన బాలుని స్మృతి ఈ ఆలోచన వెనుక కలదని ఊహించుట తప్పు కాదు.

8. తెలుగున పదమనగా నేమి?

ఇక మన కర్తవ్యమునకు వత్తము. హార్పీకి 1011, స్ఫింక్స్‌కు 997 పదములని చెప్పితిమి. ఆంగ్లమున ఇట్టి లెక్క సుకరము. తెలుగున పదమును లెక్కించుటయే మొదటి చిక్కు. "వాడిక్కడికొచ్చాడు" అని మనము పలుకుదుము. వాడు, ఇక్కడికి, వచ్చాడు అని మూడు పదములు పట్టికలో ఉన్నను, పలుకుబడిలో మొదటిదాని తుది ఉకారము లేదు, రెండవదాని తుది ఇకారము లేదు, మూడవదాని తొలి వకారము లేదు. వకారము తరువాతి అకారమును ఒకారమైనది. పట్టికలోని రూపములు మూడింటిలో ఒక్కటియు వినబడినది కాదు.

క్రియల స్థితి మరింత క్లిష్టము. చేశాడు, చేయించాడు, చేయించలేకపోయాడు, చేయించలేకపోయాడనుకున్నాను అని ఒక ధాతువునుండి రూపములు పెరుగుచునే యుండును. వీనినన్నింటిని పట్టికకు ఎక్కించుట సాధ్యము కాదు. నేటి నాడీజాల వ్యవస్థలు పదములను ముక్కలుచేసికొని నేర్చుటచే ఈ చిక్కు కొంత సడలినది. కాని అవి నేర్చుట మనుష్యులు విని వ్రాసిన వాక్యములనుండియే. ఆ వ్రాతలో మరొక చిక్కు దాగియున్నది.

యంత్రపు సామర్థ్యమును నూరు పదములకు ఎన్ని తప్పులు అని కొలుతురు. పై వాక్యమున యంత్రము "వచ్చాడు" అనుటకు "వచ్చారు" అని వినినదనుకొందము. వాక్యమును మూడు పదములుగ విడదీసి వ్రాసినచో మూడింట ఒకటి తప్పు, అనగా నూటికి 33. ఒకే పదముగ కలిపి వ్రాసినచో ఒకదానికి ఒకటి తప్పు, అనగా నూటికి 100. వినికిడి ఒకటే, పొరపాటు ఒకటే, లెక్కలు మాత్రము వేరు. తెలుగున పదవిభజనకు అందరును అంగీకరించిన నియమము లేనంతవరకు, ఒకరి యంత్రమును మరొకరి యంత్రముతో పోల్చుట నిరర్థకము. ఈ నియమమును ఏర్పరుపవలసినవారు ఇంజనీరులు కారు. సంధిని, సమాసమును, పదస్వరూపమును శతాబ్దములుగ చర్చించిన శాస్త్రమునకు వారసులమైన మనము.

9. ఎవరి తెలుగు?

రెండవ కర్తవ్యము మాండలికములకు సంబంధించినది. స్ఫింక్స్ 105 మంది గొంతులనుండి నేర్చినదని చెప్పితిమి. గొంతులను ఎన్నుకొనువాడే యంత్రమునకు భాష ఏదో నిర్ణయించుచున్నాడు. చేశాడు, చేసిండు, చేసినాడు అను మూడును తెలుగే. మొదటిదానిని మాత్రమే వినిపించినచో మిగిలిన రెండింటిని యంత్రము తప్పుగా వ్రాయును. లేదా దిద్దుకొని మొదటిదానిగనే వ్రాయును. రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము. పలికినవాని భాష అతనికే తెలియకుండ మారిపోవును.

తెలుగు రాష్ట్రములకు వెలుపల బోధించుచున్న నాకు ఇది నిత్యానుభవము. నా తరగతిలో కృష్ణగిరి, బళ్ళారి, కోలారు ప్రాంతముల విద్యార్థులుందురు. వారి ఇంటి తెలుగు తమిళ కన్నడముల సాహచర్యమున పెరిగినది. చరవాణిలో మాటను వ్రాతగ మార్చు సాధనమును వారు వాడుదురు. అది తమ మాటను వ్రాయకపోగా, తమ తెలుగు తప్పని వారిలో కొందరు తలతురు. రెడ్డిగారు పుట్టిన చిత్తూరు జిల్లా కూడ ఆ రెండు భాషల సరిహద్దుననే యున్నది. వారు యంత్రమునకు నేర్పిన వినికిడి వారి సీమ పలుకుబడిని ఎంతవరకు వినునో పరీక్షింపదగిన విషయము.

ఇట్టి పనికి మనకు పూర్వాదర్శము లేకపోలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమునకు, పల్లెలలో రైతుల నోటినుండి మాటలను సేకరించిరి. ఏ మాట ఏ ప్రాంతమునదో గుర్తించిరి. ఆ క్రమశిక్షణయే నేటి ధ్వనిసేకరణకును వలయును. మాట్లాడినవారి ప్రాంతము, వయస్సు, వృత్తి, ఇంటిలోని ఇతర భాషలు నమోదు కావలెను. పలికినదానిని పలికినట్లే వ్రాయవలెను. శిష్టరూపమును ప్రక్కన వేరుగ చూపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము భాషిణి ప్రణాళికను ఆరంభించినప్పటినుండి భారతీయ భాషలకు ధ్వనిసామగ్రిని సేకరించు అవకాశము పెరిగినది. అందు తెలుగు శాఖల పాలు గొంతు నిచ్చుటతోనే ముగియరాదు.

10. ఉపసంహారము

రెడ్డిగారి చరిత్రనుండి భాషాపండితులు నిరుత్సాహమునే గ్రహింపవచ్చును. నియమములను యంత్రమునకు బోధించు మార్గము వెనుకబడినది, సంఖ్యలు గెలిచినవి, కావున వ్యాకరణముతో పని లేదని అనువారు కలరు. ఆ చరిత్రను నేనట్లు చదువను. వెనుకబడినది జ్ఞానమును అందించు ఒక పద్ధతి మాత్రమే. వినుటకు భాషాజ్ఞానము కావలెనన్న మూలసూత్రము నిలిచియే యున్నది. ఆ జ్ఞానము నేడు నియమరూపమున కాక, ఎన్నుకొనిన గొంతులలో, విడదీసిన పదములలో, విని వ్రాసిన వాక్యములలో ఇమిడి యంత్రమును చేరుచున్నది. వానిని ఎరిగినవారు చేయకున్నచో ఎరుగనివారు చేయుదురు. పని మాత్రము ఆగదు.

కావున నా సూచన పరిమితమైనది. ప్రతి తెలుగు శాఖయు తన పరిసరములలోని ఒక మాండలికమును చేపట్టి, పది గంటల సంభాషణను పైన చెప్పిన క్రమమున సేకరించి వ్రాసియుంచవలెను. పదవిభజనకు తాననుసరించిన నియమములను దానితోపాటు ప్రకటింపవలెను. నియమములు భేదించినచో చర్చింపవచ్చును. ప్రకటింపనిచో చర్చకే తావులేదు. తన మతముతో ఏకీభవింపని శిష్యునకు ధ్వనిసామగ్రిని సమకూర్చి యిచ్చిన ఆచార్యుని గూర్చి వ్రాసిన ఈ వ్యాసమును, మన శిష్యులకు మనము సమకూర్పవలసిన సామగ్రిని స్మరించి ముగించుచున్నాను.